జయపురం నుంచి హైదరాబాద్‌కు కారు: ట్రైలర్ ఎక్కించాలా, డ్రైవర్‌ని పెట్టి పంపాలా?

ఓడీ పది
ఓడీ-10 (ఒడిశాలో కొరాపుట్ జిల్లా నంబరు) బండి, చిన్న హ్యాచ్‌బ్యాక్, ఐదేళ్లయింది. ఫుల్ ఇన్సూరెన్స్ నడుస్తోంది, లోన్ లేదు. జూలై ఆఖరుకల్లా హైదరాబాద్‌లో ఉండాలి. ట్రాన్స్‌పోర్ట్ కంపెనీ ఇంటి దగ్గర ఎత్తుకుని అక్కడ ఇంటి దగ్గరే దింపుతామంటోంది. ఇంట్లోవాళ్లు మాత్రం ఆ డబ్బు పెట్టి డ్రైవర్‌ని మాట్లాడితే రెండోరోజుకి కారు గుమ్మంలో ఉంటుందంటున్నారు. ఒక స్కూటర్ కూడా పంపాలి. ఏది నయం, ఎందుకు?

సాలూరు ఘాట్
డ్రైవరే నయమండి. జయపురం నుంచి కొరాపుట్, సుంకి, సాలూరు మీదుగా విశాఖ సుమారు 220 కిలోమీటర్లు, అక్కణ్ణుంచి హైదరాబాద్ 620. మొత్తం 840. లీటరుకి 15 ఇచ్చే కారుకి 56 లీటర్లు. దానికి డ్రైవర్ బత్తా, తిరుగు టికెట్టు, టోల్ కలిపి లెక్క వేసి కంపెనీ కొటేషన్ పక్కన పెట్టి చూడండి. పైగా ఎనిమిది కార్లు పట్టే పొడుగు ట్రైలర్ ఒక్క కారు కోసం సుంకి ఘాట్ ఎక్కి జయపురం రాదు. "ఇంటి దగ్గర ఎత్తుకుంటాం" అంటే అర్థం, వాళ్ల మనిషి మీ కారెక్కి, ట్రైలర్ ఎక్కించే విశాఖ యార్డు దాకా నడుపుకుంటూ పోతాడని. ఎటూ డ్రైవరే నడిపేటప్పుడు, ఆ డ్రైవరేదో మీకు తెలిసినవాడైతే మంచిది కదా.

గాజువాక యార్డు
ట్రైలర్ పైకి రాదన్నది నిజమే. కానీ మిగతా లెక్క అసంపూర్తి. డ్రైవర్ నడిపితే 840 కిలోమీటర్ల అరుగుదల, టైర్లు, అద్దానికి తగిలే రాళ్లు, రాత్రి నిద్రమత్తు, ఇవన్నీ మీ ఖాతాలోనే. యార్డులో ఎక్కించాక ఆ 620 కిలోమీటర్లూ కారు చక్రం తిరగదు.

అయితే ఎక్కించే పద్ధతి సరిగ్గా ఉండాలి. కట్టు టైరు మీదుగా పడాలి, అంటే వెడల్పాటి బెల్టు టైరు చుట్టూ తిరిగి డెక్ కొక్కేలకు బిగవాలి. కొన్నిచోట్ల కింద చాసిస్‌కి గొలుసు వేసి లాగి కట్టేస్తారు. అలా కడితే దారంతా సస్పెన్షన్ అణిగి ఉండి, ప్రతి గోతికీ ఆ దెబ్బ గొలుసు పట్టిన చోటే పడుతుంది. నాలుగు చక్రాలకూ బెల్టులు పడ్డాయా, హ్యాండ్‌బ్రేకు వేసి గేరులో పెట్టారా అన్నది ఫొటోలో కనబడాలి. ముందు బంపరు కిందికి ఉన్న కార్లకు ర్యాంపు మొదట్లోనే గీత పడుతుంది, అక్కడ చెక్కపలకలు వేయమనండి. ఓపెన్ ట్రైలర్‌లో కింది అంతస్తు కారు మీద పైకారు నుంచి నూనె చుక్కలు పడతాయి. పై అంతస్తు కారుకి చెట్టుకొమ్మలు గీరుకుంటాయి. జూలై వానల్లో, డబ్బు భరించగలిగితే, మూసిన కంటైనర్ అడగండి.

పెట్రోలు పావు ట్యాంకు మించొద్దు. టైర్లలో గాలి మామూలుగా ఉంచండి, తగ్గించొద్దు. తగ్గితే బెల్టు వదులవుతుంది. ఫాస్టాగ్ మీద అల్యూమినియం రేకు రెండు మడతలు వేసి అంటించండి. లేకపోతే ట్రైలర్ టోల్‌గేటు దాటినప్పుడు మీ ట్యాగ్ కూడా రీడ్ అయి మీ ఖాతాలో డబ్బు కోసుకుపోవచ్చు.

సాలూరు ఘాట్
బెల్టుల సంగతి ఒప్పుకుంటాను. కానీ యార్డు దాకా వెళ్లే ఆ 220 కిలోమీటర్ల గురించి మీరు ఒక్క ముక్క రాయలేదు. అసలు ప్రమాదం అక్కడే. సుంకి నుంచి సాలూరు దిగేటప్పుడు పెట్రోలు మిగుల్చుకోవాలని న్యూట్రల్‌లో వదిలేసేవాళ్లు ఉన్నారు. న్యూట్రల్‌లో ఇంజను పట్టు ఉండదు కాబట్టి భారమంతా బ్రేకుల మీదే పడుతుంది. డిస్కులు కాలి, పెడల్ మెత్తబడి, కింది మలుపులకి వచ్చేసరికి తొక్కినా ఆగదు. ఎక్కిన గేరులోనే దిగాలి, చిన్నకారుకి రెండు, మరీ అయితే మూడు. కంపెనీ పంపిన కుర్రాడికి ఈ మాట ఎవరు చెబుతారు?

మల్కన్‌గిరి రోడ్డు
నడిపించేదే అయితే విశాఖ దాకా ఎందుకు? మల్కన్‌గిరి, మోటు, చింతూరు, భద్రాచలం మీదుగా దూరం బాగా తగ్గుతుంది కదా.

సాలూరు ఘాట్
వేసవిలో అయితే సరే. జూలై, ఆగస్టుల్లో గోదావరి పొంగితే నీరు శబరిలోకి ఎగదన్ని చింతూరు దగ్గర రోడ్డు మునుగుతుంది. నీళ్లు తీసేదాకా కారు అక్కడే. భద్రాచలం దగ్గర గోదావరి మట్టం చూసుకోకుండా ఆ దారి పట్టించొద్దు.

పాలసీ కాగితం
ఇద్దరూ రోడ్డు గురించే మాట్లాడుతున్నారు. దెబ్బ తగిలితే డబ్బు ఎవరిస్తారన్నది కాగితం మీద ఉంటుంది, అది ఎవరూ చూడలేదు.

మొదటిది. ప్రైవేటు కారు ఫుల్ పాలసీలో సొంత నష్టం కింద, రోడ్డు, రైలు, జలమార్గం, విమానం ద్వారా తరలిస్తుండగా జరిగే నష్టం కూడా వస్తుంది. పాలసీ పుస్తకంలో ఆ వరస ఉంటుంది, చదవండి. అంటే మీ కారు ట్రైలర్ మీద ఉన్నా మీ పాలసీ పని చేస్తుంది. థర్డ్ పార్టీ మాత్రమే ఉన్నవాళ్లకు ఇది లేదు. క్లెయిమ్ చేస్తే నో క్లెయిమ్ బోనస్ పోతుంది, ఐదేళ్లు క్లెయిమ్ లేకుండా 50 శాతానికి చేరినవాళ్లకు అది చిన్న నష్టం కాదు. 1500 సీసీ లోపు కారుకి ప్రతి క్లెయిమ్‌లో మీరు భరించే తప్పనిసరి కోత 1000 రూపాయలు. అందుకే చిన్న గీతలకు ట్రాన్స్‌పోర్ట్ కంపెనీ దగ్గర, పెద్ద దెబ్బకు పాలసీ దగ్గర అడగాలి.

రెండోది. కంపెనీ "ఇన్సూరెన్స్ కూడా ఉందండి" అని కారు విలువ మీద ఇంత శాతం అంటూ వసూలు చేసేది చాలాసార్లు ఇన్సూరెన్సే కాదు. దాన్ని ఎఫ్‌ఓవీ అంటారు, విలువ మీద వేసుకునే సొంత చార్జీ. నిజమైన ట్రాన్సిట్ ఇన్సూరెన్స్ అయితే బీమా కంపెనీ ఇచ్చిన సర్టిఫికెట్ ఉంటుంది. అందులో మీ బండి నంబరు, ప్రకటించిన విలువ, బయల్దేరే ఊరు, చేరే ఊరు ఉండాలి. బయల్దేరే ఊరు జయపురం అని ఉండాలి, విశాఖ అని ఉంటే ఘాట్ దిగే దారి అందులో లేనట్టే.

మూడోది, అందరూ వదిలేసేది. 2007 నాటి క్యారేజ్ బై రోడ్ చట్టం, 2011 నిబంధనల ప్రకారం మీరు ఎక్కువ విలువ ప్రకటించి అదనపు చార్జీ కట్టకపోతే కంపెనీ బాధ్యత కిరాయికి పది రెట్ల వరకే. కిరాయి 12,000 అనుకోండి, పరిమితి 1,20,000. కారు విలువ 5 లక్షలైతే మిగతాది మీ నెత్తినే. కాబట్టి ఎల్.ఆర్. (లారీ రసీదు, కంపెనీ ఇచ్చే బుకింగ్ కాగితం) తయారు చేసేటప్పుడే విలువ రాయించండి. నష్టం జరిగితే బుక్ చేసిన తేదీ నుంచి 180 రోజుల లోపు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. అది లేకుండా కోర్టుకు వెళ్లడం కుదరదు. ఫోన్లూ వాట్సాప్ మెసేజీలూ నమ్ముకుని కూర్చోవద్దు, రిజిస్టర్డ్ పోస్టులో పంపండి.

ఓడీ పది
కంపెనీవాళ్లు ఎన్‌ఓసీ (ఆర్టీఓ ఇచ్చే అభ్యంతరం లేదన్న పత్రం) కావాలి, ఒరిజినల్ ఆర్సీ ఇవ్వాలి అంటున్నారు. ఇవ్వాలా?

పాలసీ కాగితం
ఒరిజినల్ ఆర్సీ ఇవ్వొద్దు. ఆర్సీ, పాలసీ, పొల్యూషన్, మీ గుర్తింపు కార్డు జిరాక్స్‌లు చాలు. ఎన్‌ఓసీ కారు తరలించడానికి కాదు. రాష్ట్రం మారి 12 నెలలు దాటి అక్కడే ఉంచితే కొత్త నంబరు తీసుకోవాలి, దానికి ఫారం 28 మీద కొరాపుట్ ఆర్టీఓ దగ్గర ఎన్‌ఓసీ కావాలి. అది మీరు ఇక్కడ ఉండగానే తీసుకుంటే మేలు, అక్కడికెళ్లాక మళ్లీ రావాల్సి వస్తుంది. పాత చలానాలు ముందే కట్టేయండి.

సొంతంగా వాడిన సామానుకి ఈ-వే బిల్లు (సరుకు రవాణాకి జీఎస్టీ కింద ఉండాల్సిన కాగితం) మినహాయింపు ఉంది. అయినా చెక్‌పోస్టులో వాదన రాకుండా "సొంత వాడకానికి, అమ్మకానికి కాదు" అని ఒక కాగితం రాసి సంతకం పెట్టి ఎల్.ఆర్.తో జత చేయండి. కారులో దుప్పట్లు, గిన్నెలు, టీవీ పెట్టొద్దు. అవి కారు బీమాలో రావు, పైగా తనిఖీలో బండి ఆగుతుంది.

గాజువాక యార్డు
పైన ఘాట్ గురించి అడిగినదానికి: తప్పు నాదే, రాయాల్సింది. కంపెనీ కుర్రాడు నడిపే ముక్క మీద నాకూ నమ్మకం లేదు. నా సలహా ఇదండి, కారును మీరో, మీ నమ్మకస్తుడో విశాఖ యార్డు దాకా దింపి, అక్కడ ఎక్కించేటప్పుడు నిలబడి చూడండి. ఇంటి పికప్ చార్జీ తగ్గించమని అడగండి. అలా కుదరకపోతే ఇక్కడి నుంచే ఫ్లాట్‌బెడ్ మీద దింపించండి, చక్రం నేల మీద ఆనకుండా. నడిపిస్తామనే పక్షంలో ఓడోమీటర్ అంకె ఎల్.ఆర్. మీద రాయించండి. జయపురంలో ఉన్న అంకెకి విశాఖలో 220 పెరగాలి. 400 పెరిగితే కారు ఎక్కడెక్కడో తిరిగినట్టు.

సాలూరు ఘాట్
ఇదైతే నేను కాదనను. అయినా సాలూరు దిగాక రోడ్డు బాగుంటుంది, అక్కణ్ణుంచి మళ్లీ యార్డు, ట్రైలర్ నిండేదాకా రోజుల తరబడి ఎదురుచూపు ఎందుకన్నదే నా మాట. తారీఖు ఖాయంగా ఉన్నవాళ్లకు ట్రైలర్ కుదరదు.

గాజువాక యార్డు
ట్రైలర్ నిండితేనే కదులుతుంది, అది నిజం. వాళ్లు చెప్పిన రోజుకి వారం కలుపుకోండి.

బరంపురం పార్సిల్
స్కూటర్ సంగతి ఎవరూ ఎత్తలేదు. దాన్ని రైల్లో పంపండి, కానీ కొరాపుట్ లైను నుంచి కాదు, దారిలో రైలు మారాలి. విశాఖ నుంచే బయల్దేరే గోదావరి ఎక్స్‌ప్రెస్ లాంటిది చూడండి. మొదటి స్టేషన్ కాబట్టి ఎక్కించడానికి టైముంటుంది. మా బరంపురంలో లాగా నాలుగైదు నిమిషాలు ఆగే స్టేషన్లో పార్సిల్ డబ్బా నిండుగా వస్తే స్కూటర్ ప్లాట్‌ఫాం మీదే మిగిలిపోతుంది. కొన్ని రైళ్లలో ఆ డబ్బా ప్రైవేటు కాంట్రాక్టులో ఉంటుంది, అప్పుడు కౌంటర్లో కాదు, ఏజెంట్ దగ్గర బుక్ చేయాలి.

పెట్రోలు చుక్క లేకుండా తీయాలి, పైపు విప్పి కార్బొరేటర్‌లోది కూడా. అద్దాలు విప్పి సీటు కింద పెట్టండి. హ్యాండిల్, హెడ్‌లైట్, వెనక దీపం చుట్టూ వరిగడ్డి, పైన గోనె, తాడు. విలువ ప్రకటించకుండా లగేజీగా పంపితే రైల్వే ఇచ్చేది కిలోకి 100 రూపాయలే, 110 కిలోల స్కూటర్‌కి 11,000. విలువ రాసి శాతం చార్జీ కట్టండి. అక్కడ దిగిన వెంటనే తెచ్చుకోండి, ఆలస్యమైతే గంటల లెక్కన వార్ఫేజ్ (స్టేషన్లో ఉంచినందుకు రుసుము) పడుతుంది.

ఓడీ పది
కారును విశాఖ దాకా మేమే దింపుతాం, అక్కడ ట్రైలర్. ఒక్కటి మిగిలింది, డబ్బు ఎప్పుడు ఎంత ఇవ్వాలి? మొత్తం ముందే అడుగుతున్నారు.

పాలసీ కాగితం
మొత్తం ముందు ఇవ్వొద్దు. తక్కువ కొటేషన్ చెప్పి, కారు చేతికి చిక్కాక "జీఎస్టీ, అన్‌లోడింగ్, యార్డు అద్దె" అని పెంచుతూ పోయి, కట్టేదాకా కారు వదలనివాళ్లు ఉన్నారు. జీఎస్టీతో సహా ఆఖరి అంకె ఎల్.ఆర్. మీద రాయించండి. అందులోని జీఎస్టీ నంబరును పోర్టల్‌లో కొట్టి పేరు, చిరునామా సరిపోయాయో చూడండి. పైన చెప్పిన క్యారేజ్ బై రోడ్ చట్టం కింద కామన్ క్యారియర్ (సరుకు రవాణాదారు) రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. పెద్ద కంపెనీ పేరుకి ఒక అక్షరం అటూ ఇటూ మార్చి పెట్టినవాళ్లు అక్కడే బయటపడతారు. బుకింగ్‌కి పావు వంతు, మిగతాది కారు చూసుకున్నాక.

గాజువాక యార్డు
చూసుకోవడం కూడా పగటి వెలుతురులోనే. రాత్రి తొమ్మిదికి వచ్చి సంతకం పెట్టమంటారు, ట్రైలర్ వెళ్లిపోవాలంటారు. కారు మీద దుమ్ము, తడి ఉంటే గీత కనబడదు. బకెట్ నీళ్లు పోసి తుడిచి, ఎక్కించేనాటి వీడియో పక్కన పెట్టుకుని చుట్టూ తిరగండి, స్టెప్నీ, జాకీ ఉన్నాయా చూడండి. సొట్ట కనబడితే, సంతకం పెట్టకముందే కంపెనీ దగ్గర ఉండే ఎల్.ఆర్. ప్రతి మీద "ఎడమ వెనక తలుపు, అరచేతి వెడల్పు సొట్ట" అని మీ చేత్తో రాసి, దాని కింద సంతకం పెట్టి, ఫొటో తీసుకోండి. "అందింది, బాగుంది" అని అచ్చు వేసి ఉంటే ఆ "బాగుంది" కొట్టేయండి.