ట్రాక్ సైకిల్‌కి క్రాంక్: 165 చాలా, 170 కావాలా?

తార్నాక నాన్న
మా అబ్బాయికి పదిహేడేళ్లు, ఎత్తు 183 సెం.మీ. ఓయూ వెలోడ్రోమ్‌ (సైకిల్ రేసుల ట్రాక్)లో స్ప్రింట్, కిలోమీటర్ టైమ్ ట్రయల్ ప్రాక్టీస్ చేస్తాడు. సైకిల్‌తో వచ్చిన క్రాంక్ (పెడల్ బిగించే కడ్డీ) పొడవు 165 మి.మీ. తోటి పిల్లలు, ఒకరిద్దరు సీనియర్లు "ఇంత పొడుగు కాళ్లకి 165 ఏంటి, 170 వేయించుకో, స్టార్టింగ్‌లో తేడా తెలుస్తుంది" అంటున్నారు. కోచ్ గారు మాత్రం ఉన్నదాంతోనే తొక్కమంటున్నారు. మంచి ట్రాక్ క్రాంక్ సెట్ అంటే చిన్న ఖర్చు కాదు. వచ్చే సీజన్‌లోపు తేల్చుకోవాలి. తెలిసినవాళ్లు చెప్పండి.

స్టాండింగ్ స్టార్ట్
170 వేయించండి సార్. కిలో రేసులో స్టార్టింగ్ గేటు నుంచి బయటపడేటప్పుడు సైకిల్ ఆగి ఉంటుంది, గేర్ ఒక్కటే, మార్చుకునే వీల్లేదు. మొదటి సగం ల్యాప్ అంతా కాలి బలమే. క్రాంక్ పొడుగైతే అదే బలానికి టార్క్ (తిప్పే బలం) ఎక్కువ వస్తుంది. ఆరడుగుల కుర్రాడినీ అయిదడుగుల పిల్లనీ ఒకే కొలత క్రాంక్ మీద కూర్చోబెట్టడం ఎక్కడి న్యాయం?

హబ్సిగూడ ఫిక్స్‌డ్
టార్క్ పెరిగేమాట నిజమే అన్నా, కానీ ఎంత? 165 నుంచి 170కి వెళ్తే 3 శాతం. ముందు చైన్‌రింగ్ (చైన్ తిరిగే పళ్ల చక్రం) 49 పళ్లది తీసి 48ది వేస్తే 2 శాతం, 47ది వేస్తే 4 శాతం తేలికవుతుంది. చైన్‌రింగ్ మార్చడమంటే అయిదు బోల్టులు విప్పడం, వెనక చక్రం కాస్త జరిపి చైన్ టెన్షన్ సరిచేయడం. ట్రాక్ పక్కనే కూర్చుని చేసుకోవచ్చు. ఆ పాటి లాభం కోసం క్రాంక్ సెట్ మొత్తం కొనాలా?

"గేర్ తగ్గిస్తే చివర్లో కాళ్లు గిర్రున తిరగాలి కదా" అంటారు. నిజమే. కానీ 170లోనూ ఆ బాకీ తప్పదు. ముందు 49, వెనక 14 పళ్ల గేర్ మీద గంటకి 60 కి.మీ. వేగం వస్తే కేడెన్స్, అంటే నిమిషానికి పెడల్ తిరిగే చుట్లు, 136 దగ్గర ఉంటుంది. అదే కేడెన్స్‌లో పాదం సెకనుకి 165 మీద దాదాపు 2.36 మీటర్లు, 170 మీద 2.43 మీటర్లు తిరగాలి. వృత్తం పెద్దదైంది మరి.

ఎత్తును బట్టి క్రాంక్ పొడుగు పెంచితే పవర్ పెరుగుతుందన్న నమ్మకం మన దగ్గర బలంగా ఉంది. మార్టిన్, స్పిర్దుసో 2001లో ప్రచురించిన అధ్యయనంలో 16 మంది సైక్లిస్టుల చేత 120, 145, 170, 195, 220 మి.మీ. క్రాంక్‌ల మీద తొక్కించారు. అంత దూరపు కొలతల మధ్య కూడా గరిష్ఠ పవర్‌లో తేడా 4 శాతం దాటలేదు. 145కీ 170కీ మధ్య చెప్పుకోదగ్గ తేడాయే లేదు. అలాంటిది 5 మి.మీ. దగ్గర మనం కొట్టుకుంటున్నాం.

ఇంకోటి, పెడల్ తగలడం. అబ్బాయి స్ప్రింట్ ఆడతాడంటున్నారు కాబట్టి ఇది ముఖ్యం. ప్రత్యర్థిని కనిపెడుతూ బ్యాంకింగ్ (ట్రాక్ ఏటవాలు) పైభాగాన నెమ్మదిగా వెళ్లేటప్పుడు సైకిల్ నిటారుగా ఉంటుంది, ట్రాక్ మాత్రం కుడివైపు లేచి ఉంటుంది. కుడి పెడల్ కిందికి దిగేచోటే అసలు ప్రమాదం. రోడ్డు సైకిల్లా పెడల్ పైకెత్తి ఆపుదామంటే ఫిక్స్‌డ్ గేర్ ఆగదు, చక్రం తిరిగినంతసేపూ పెడల్ తిరుగుతూనే ఉంటుంది. ఇవాళ మన కాంక్రీట్ ట్రాక్ మీద ఏమీ కాలేదని ధీమా వద్దు. రేపు ఢిల్లీలో 250 మీటర్ల చెక్క ట్రాక్ ఎక్కాలి. ఆ కొలత ట్రాక్‌ల మలుపులు 40 డిగ్రీలు దాటి నిలబడతాయి.

పాయింట్స్ రేస్ అమ్మాయి
ఈ చర్చ ఎప్పుడూ పొడుగువాళ్ల చుట్టూనే తిరుగుతుంది. నా ఎత్తు 157. నాకు 165యే ఎక్కువ. డ్రాప్స్‌ (హ్యాండిల్ కింది వంపు)లోకి వంగితే తొడ వచ్చి పొట్టకి తగులుతుంది, ఊపిరి సరిగా ఆడదు. క్రాంక్ 5 మి.మీ. తగ్గిస్తే సీటు అంతే పైకి లేపుతాం. దాంతో పెడల్ పైకొచ్చినప్పుడు సీటుకీ పాదానికీ మధ్య 10 మి.మీ. చోటు పెరుగుతుంది, తుంటి తెరుచుకుంటుంది. 176 సెం.మీ. ఎత్తున్న రోడ్డు రేసర్ పొగాచర్ 2024లో రోడ్డు మీదే 165కి వచ్చాడు. 160, 155 కోసం నేను షాపులన్నీ తిరిగాను. ఆర్డర్ పెట్టి ఎదురుచూడాల్సిందే అన్నారు. 170 గురించి అడిగేముందు అబ్బాయి వంగినప్పుడు మోకాలు ఎక్కడిదాకా వస్తోందో పక్కనుంచి వీడియో తీసి చూడండి అంకుల్.

స్టాండింగ్ స్టార్ట్
ఆ స్టడీ కూర్చుని కొన్ని సెకన్లు తొక్కిన టెస్ట్. గేటులోంచి లేచి నిలబడి, హ్యాండిల్ లాగుతూ తీసే స్టార్ట్ అందులో లేదు. నిమిషం పైన సాగే కిలో రేసూ లేదు. ట్రాక్ మీద చూడకుండా 170 పనికిరాదని తేల్చేయొద్దు.

హబ్సిగూడ ఫిక్స్‌డ్
ఆ మాట ఒప్పుకుంటాను. అయితే ట్రాక్ మీదే చూద్దాం. ముందు ఉన్న 165తోనే 49, 48 రెండూ వేసి సగం ల్యాప్ స్టాండింగ్ స్టార్ట్, ఫ్లయింగ్ 200 (వేగం అందుకున్నాక తొక్కే 200 మీటర్లు) టైమ్ తీయండి. తర్వాత ఎవరిదైనా 170 అడిగి పెట్టించండి. తెచ్చేముందు బాటమ్ బ్రాకెట్‌ (క్రాంక్‌లు బిగించే ఇరుసు)కి సరిపోతుందో లేదో చూసుకోవాలి. స్క్వేర్ టేపర్‌ (చదరపు కొన ఉన్న ఇరుసు)లోనే జేఐఎస్, ఐఎస్ఓ అని రెండు కొలతల రకాలున్నాయి. పెట్టాక సీటు 5 మి.మీ. దించాలి. సీట్ పోస్ట్ మీద టేపు ముక్క అంటించి గుర్తు పెట్టుకోండి. సీటు ముట్టుకోకుండా క్రాంక్ ఒక్కటే మార్చి "బాగుంది, బాగాలేదు" అంటే అది సీటు ఎత్తు మీద తీర్పు అవుతుంది, క్రాంక్ మీద కాదు.

తార్నాక నాన్న
అందరికీ థాంక్స్. కోచ్ గారితో మాట్లాడాను, 48 వేసి చూడటానికి సరే అన్నారు. ఈ ఆదివారం పొద్దున్నే టైమ్ తీస్తాం. వీడియో కూడా తీస్తానమ్మా. 170 ఎవరి దగ్గరైనా ఉంటే ఒక పూటకి ఇవ్వగలరా?

స్టాండింగ్ స్టార్ట్
నాది ఉంది సార్, స్క్వేర్ టేపర్, జేఐఎస్. ఆదివారం ఆరింటికల్లా తెస్తాను. క్రాంక్ పుల్లర్ కూడా నా దగ్గరే ఉంది.