డులూత్ చలికాలానికి ఎఫ్-150కి ఏ టైర్లు వేయించాలి?

ప్రశ్న: హ్యూస్టన్_టు_డులూత్

అందరికీ నమస్తే. మా ఆవిడకు ఇక్కడ హాస్పిటల్లో నర్సు ఉద్యోగం రావడంతో ఆగస్టులో హ్యూస్టన్ నుంచి మిన్నెసోటా, డులూత్‌కి మారాం. ఇల్లు కొండ మీద, హాస్పిటల్ కింద సరస్సు వైపు. మధ్యలో రోడ్లు ఎంత ఏటవాలుగా ఉన్నాయంటే వానకే నాకు భయమేసింది. చాలా రోజులు తెల్లారకముందే తనే బండి తీసుకుని డ్యూటీకి దిగాలి.

బండి 2018 ఫోర్డ్ ఎఫ్-150 ఎక్స్‌ఎల్‌టీ పికప్ ట్రక్కు, ఫోర్ బై ఫోర్. డయల్ మీద 2హెచ్ (వెనక రెండు చక్రాలకే శక్తి), 4హెచ్ (నాలుగింటికీ), 4ఎల్ (నాలుగింటికీ, నిదానంగా గట్టిగా లాగడానికి) అని మూడే ఉన్నాయి. టైర్లు 275/65 ఆర్ 18, ఆల్ సీజన్, గ్రిప్పు సగం అరిగింది. షాపతను "స్నోఫ్లేక్ గుర్తున్న ఆల్ టెరైన్ (రోడ్డుకీ మట్టిదారికీ పనికొచ్చే టైరు) వేయించుకో, ఏడాదంతా ఒకే సెట్టు" అంటున్నాడు. ఆఫీసులో ఒకాయన అచ్చం వింటర్ టైర్లే కావాలంటాడు. ఇంకొకాయన ట్రక్కు కాబట్టి పది ప్లై, లోడ్ రేంజ్ ఈ (ఎక్కువ బరువు మోసే మందపాటి టైర్లు) వేయమంటాడు. ముగ్గురూ ఒకరి మాట ఒకరు కొట్టేస్తున్నారు. మంచు నేను దగ్గర్నుంచి చూసింది హనీమూన్‌కి మనాలీ వెళ్లినప్పుడే. ఎవరి మాట వినాలి?

ఫ్రిస్కో_బాబాయ్

ఫోర్ బై ఫోర్ పెట్టుకుని టెన్షన్ ఎందుకు బ్రదర్? 2021 ఫిబ్రవరిలో టెక్సాస్ మొత్తం గడ్డకట్టినప్పుడు మా షెవర్లే టాహో ఎస్‌యూవీ మామూలు టైర్లతోనే పాలకీ మందులకీ తిరిగింది. 4హెచ్‌లో వేసి నిదానంగా పోండి. ఆ డబ్బులతో పిల్లలకి మంచి జాకెట్లు కొనండి.

హిబ్బింగ్_మామ

బాబాయ్, మీ ఊళ్లో అది వారం రోజుల ముచ్చట. ఇక్కడ నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా అదే బతుకు. 2022-23లో డులూత్‌లో 140 అంగుళాల మంచు పడింది, రికార్డు. నేను పుట్టింది కొత్తగూడెం సింగరేణి క్వార్టర్స్‌లో, ఇప్పుడు పని ఇక్కడి ఇనుప గనిలో. డ్యూటీకి పికప్ తప్ప ఇంకో బండి నడపను. కాబట్టి తమ్ముడూ, కాస్త వివరంగా చెప్తా.

ముందు ఫోర్ బై ఫోర్ సంగతి. అది బండిని కదిలించడానికి పనికొస్తుంది, ఆపడానికి కాదు. బ్రేకు తొక్కితే ఏ బండికైనా నాలుగు చక్రాలే, ఆపేది టైరే. పైగా మీ 4హెచ్‌ని పొడి రోడ్డు మీద వాడకూడదు, మలుపుల్లో డ్రైవ్‌లైన్ (ఇంజిన్ శక్తిని చక్రాలకి చేర్చే షాఫ్టులు, గేర్లు) బిగుసుకుంటుంది. ఇక్కడ చలికాలంలో ఎక్కువ రోజులు రోడ్డు మధ్యలో పొడిగా ఉండి, స్టాప్ సైన్ దగ్గరా నీడ పడే మలుపు దగ్గరా మాత్రం ఐస్ ఉంటుంది. అలాంటి రోజు మీరు నడిపేది 2హెచ్‌లోనే. అంటే ఖాళీ తొట్టితో, వెనక బరువు లేని రియర్ వీల్ డ్రైవ్ బండి. మీ ఆవిడ డ్యూటీకి దిగేది ఆ బండిలో.

ఇక స్నోఫ్లేక్ గుర్తు. టైరు పక్కన మూడు శిఖరాల కొండ, అందులో మంచు రేకు ఉంటుంది. ఎం ప్లస్ ఎస్ (మడ్ అండ్ స్నో, బురద-మంచు) అనే పాత ముద్రకన్నా ఇది నయం. ఆ ముద్ర గ్రిప్పు ఆకారం చూసి కంపెనీ తనకు తానే వేసుకునేది, దీనికి నిజంగా పరీక్ష ఉంది. కానీ ఆ పరీక్షలో చూసేది ఏమిటి? తొక్కుడుపడిన మంచు మీద టైరు ఎంత బాగా ముందుకు లాగుతుందన్నది. ఐస్ మీద ఎంత దూరంలో ఆగుతుందో అందులో చూడరు. షాపతను అబద్ధం చెప్పలేదు, మీకు కావాల్సిన సంగతి మాత్రం చెప్పలేదు.

మంచు వేరు, ఐస్ వేరు. మంచులో టైరు గాడుల్లోకి మంచు ఇరుక్కుని, అది కింద మంచును పట్టుకుంటుంది. అక్కడ పెద్ద పెద్ద బ్లాకులున్న ఆల్ టెరైన్ బాగానే నెట్టుకొస్తుంది. ఐస్ మీద పట్టుకోవడానికి ఏమీ ఉండదు, పైన సన్నటి నీటి పొర ఒక్కటే. ఆ పొరను తుడిచి మెత్తటి రబ్బరు ఐస్‌కి ఆనాలి. వింటర్ టైరు మీద బ్లేడుతో గీసినట్టు సన్నటి చీలికలు వందల కొద్దీ ఉండేది అందుకే. మామూలు రబ్బరు 7 డిగ్రీల సెల్సియస్ కిందికి వస్తేనే గట్టిపడటం మొదలవుతుంది, ఇక్కడ మైనస్ 25 మామూలే. ఇంకో మాట: మైనస్ 25లో ఐస్ అంత ప్రమాదం కాదు. సున్నా దగ్గర తడితడిగా ఉన్నప్పుడే అసలు జారుడు.

మీ దారి కొండ దిగడం, కింద ఎర్ర లైటు. కాబట్టి చూడాల్సింది ఐస్ మీద ఆగడం. స్టడ్స్ (ఐస్‌ని గుచ్చుకునే చిన్న లోహపు మేకులు) లేని అచ్చ వింటర్ టైరు వేయించండి. బ్లిజాక్ డీఎం-వీ2, మిషెలిన్ ఎక్స్-ఐస్ స్నో ఎస్‌యూవీ, నోకియన్ హక్కపెలిట్టా ఆర్5 ఎస్‌యూవీ, ఈ మూడింట్లో మీ సైజులో ఏది దొరికితే అది. నాది నోకియన్. ఆ ఫిన్లాండ్ వాళ్లు 1934లో మొట్టమొదటి వింటర్ టైరు చేసిందే లారీల కోసం, కార్లవాళ్లకి ఆ భాగ్యం తర్వాతే దక్కింది! బ్లిజాక్‌తో ఒక మెలిక ఉంది. ఆ మెత్తటి రబ్బరు గ్రిప్పు అడుగుదాకా ఉండదు, సగం పైన అరిగాక కింద మామూలు రబ్బరే. గ్రిప్పు కనిపిస్తోంది కదా అని ఇంకో సీజన్ లాగొద్దు.

పది ప్లై వద్దు. క్యాంపర్ లాగేవాళ్లకి, తొట్టినిండా సామాను వేసేవాళ్లకి అది. పక్కగోడ మందం, బరువెక్కువ. పైగా డోరు దగ్గర స్టిక్కర్ మీదున్న గాలి దానికి సరిపోదు, ఎక్కువ కొట్టాలి. ఖాళీ బండిలో ఒళ్లు హూనం.

డెన్వర్_లక్ష్మి

మామ గారు చెప్పింది డులూత్‌కి సరే. కానీ ఇది చదివి అందరూ ఆల్ టెరైన్ దండగ అనుకుంటారేమో! మా టయోటా టకోమా పికప్‌కి ఫాల్కెన్ వైల్డ్‌పీక్ ఏటీ3డబ్ల్యూ అనే ఆల్ టెరైన్ టైర్లు ఉన్నాయి, దానికీ స్నోఫ్లేక్ ఉంది. ఇక్కడ మంచు పొడిపొడిగా పడుతుంది, ఊళ్లో రెండ్రోజులు ఎండ కాస్తే రోడ్డు మామూలే. అలాంటిచోట వింటర్ టైరు ఊరికే అరిగిపోతుంది. మా కొలరాడోలో కొండల్లోకి వెళ్లే ఐ-70 హైవే మీద మారిసన్ నుంచి డాట్సెరో దాకా సెప్టెంబర్ 1 నుంచి మే 31 వరకు ట్రాక్షన్ రూలు (టైరు పట్టు గురించిన నిబంధన) ఉంటుంది, గ్రిప్పు కనీసం అంగుళంలో 16వ వంతులు మూడు ఉండాలి. ఫోర్ బై ఫోర్ అయినా ఇందులో మినహాయింపు లేదు. ఫ్రిస్కో బాబాయ్ గారూ, స్కీయింగ్‌కి వచ్చేముందు టైర్లు ఓసారి చూసుకోండి 🙂

హ్యూస్టన్_టు_డులూత్

మామ గారూ, చాలా థ్యాంక్స్. మా ఆవిడకి చదివి వినిపించా, "ఆల్ టెరైన్ మాట మళ్లీ ఎత్తకు" అంది. ఇంకా మూడు డౌట్లు. స్టడ్స్ ఉన్నవైతే ఇంకా మంచివి కాదా? వెనక ఇసుక బస్తాలు వేయాలా? వేరే రిమ్ములు తప్పవా? సెట్టే వెయ్యి డాలర్లు దాటుతోంది.

హిబ్బింగ్_మామ

స్టడ్స్ మాట మర్చిపో. మిన్నెసోటాలో ఉండేవాళ్లకి అవి నిషేధం.

ఇసుక వేయి. హార్డ్‌వేర్ షాపుల్లో పొడుగాటి సంచుల్లో అమ్ముతారు, ఒక్కోటి 60 పౌండ్లు. నాలుగైదు చాలు. అవి తొట్టి చివర కాదు, వెనక ఇరుసుకి సరిగ్గా పైన ఉండాలి, కదలకుండా కట్టేయాలి. బ్రేకు కొడితే అవే ముందుకొచ్చి క్యాబిన్ గోడని గుద్దుతాయి. ఎక్కడైనా ఇరుక్కుంటే ఒక సంచి కోసి చక్రాల ముందు చల్లుకోవచ్చు, అది అదనపు లాభం.

రిమ్ములు తప్పనిసరేం కాదు. కానీ ఏటా రెండుసార్లు టైరు ఊడదీసి ఎక్కించే కూలి లెక్కేసుకో, కొన్ని సీజన్లకి రిమ్ముల ఖర్చు అందులోనే తేలిపోతుంది. నల్ల స్టీలు రిమ్ములు చాలు, రోడ్డు మీద ఐస్ కరగడానికి చల్లే ఉప్పుకి పాడైనా బాధుండదు. మీ బండికి ఆరు బోల్టులు, అవి ఉండే వలయం వ్యాసం 135 మిల్లీమీటర్లు. 139.7 అంటగడితే ఎక్కవు. ఖర్చు తగ్గాలంటే 17 అంగుళాల రిమ్ముకి 265/70 వేసుకో. అదీ ఎఫ్-150కి కంపెనీ ఇచ్చే సైజే, టైరు కాస్త చవక. నాలుగూ మార్చాలి. వెనక రెండే మారిస్తే ముందువి పట్టుతప్పి స్టీరింగ్ తిప్పినా బండి తిన్నగా పోతుంది.

హాలోవీన్ లోపు వేయించు. 1991లో అక్టోబర్ 31న మొదలైన తుపానుకి డులూత్‌లో దాదాపు 37 అంగుళాలు పడింది. గాలి నెలకోసారి చూసుకో, చలి పది ఫారెన్‌హీట్ డిగ్రీలు పెరిగితే సుమారు ఒక పీఎస్ఐ దిగిపోతుంది. నట్లు 150 ఫుట్ పౌండ్లకి బిగించమను, ఓ యాభై, వంద మైళ్లు తిరిగాక టార్క్ రెంచ్‌తో మళ్లీ ఒకసారి చూసుకో.