క్రాస్ హాచింగ్ (గీతల మీద అడ్డగీతలు గీసి నీడ చూపడం) వేస్తే బొమ్మలో చేతికి దోమతెర కప్పినట్టుంది, ఏం చేయాలి?

నమస్తే అండి. ఆరు నెలలుగా మనుషుల బొమ్మలు సొంతంగా నేర్చుకుంటున్నాను. ఏడున్నర తలల ఎత్తు లెక్కతో (మనిషి ఎత్తు తల పొడవుకు ఏడున్నర రెట్లు అని) నిలబడ్డ మనిషిని గీయగలుగుతున్నాను. 2బి, 6బి పెన్సిళ్లతో వేసి వేలితో రుద్దేస్తే షేడింగ్ కూడా ఒక మాదిరిగా వస్తోంది (రుద్దడం చెడ్డ అలవాటని తెలుసు, తిట్టకండి). చిక్కంతా పెన్ను పట్టుకున్నాకే.

మొన్న కిటికీ పక్కన కుర్చీలో కూర్చున్న మా తాతయ్యను 0.1 పెన్నుతో (బాగా సన్న మొన ఉన్నది) గీశాను. చొక్కా మడతలు బాగానే వచ్చాయి. ముంజేతికి మొదటి వరుస గీతలు గుండ్రంగా చుట్టి వేశాను, అంతవరకూ బాగుంది. వాటి మీద అడ్డంగా రెండో వరుస పడగానే చెయ్యి చదునైపోయింది, దోమతెర కప్పినట్టు గళ్లు తేలాయి. బుగ్గ కింద నీడ మరీ ఘోరం, నున్నగా గీసుకున్న తాతయ్యకు గడ్డం మొలిచింది!

రెండో వరుస కూడా చేతి ఒంపు వెంటే తిరగాలా, తిన్నగా వేయొచ్చా? వరుసల మధ్య కోణం 90 డిగ్రీల నుంచి 30కి తగ్గిస్తే ఆ గళ్లు పోతాయా? వెలుగు మొదలయ్యే చోట గీతను ఎలా ఆపుతారు, పెన్ను మెల్లగా పైకి లేపుతారా? ముఖానికి అసలు రెండో వరుసే వద్దంటారా? నేను వాడేది మామూలు కార్ట్రిడ్జ్ షీటే (డ్రాయింగ్ కాగితం). పెన్నుతో గీసే అలవాటున్నవాళ్లు కాస్త చెప్పండి.