కీళ్లవాతం: ఒంటిగంట దాకా నిద్ర పట్టదు, మూడున్నరకే మెలకువ

వేకువచుక్క
రుమటాయిడ్ ఆర్థరైటిస్, వయసు 46. జబ్బును అదుపులో పెట్టడానికి వారానికోసారి మెథోట్రెక్సేట్ 15 మి.గ్రా., స్టిరాయిడ్ మాత్ర ప్రెడ్నిసొలోన్ పొద్దున 5, రాత్రి భోజనం అయ్యాక 5, పడుకునే ముందు నొప్పి మాత్ర ఐబుప్రొఫెన్ 400. పదింటికి పక్క ఎక్కితే ఒంటిగంట దాకా దొర్లడమే. మూడున్నరకు వేళ్లు, మోకాళ్లు సలుపుతూ మెలకువ. మళ్లీ ఐదు నుంచి ఏడు దాకా మాగన్ను. నిద్రమాత్ర రాయమని డాక్టరుని అడగాలా, అంతకుముందు సర్దుకోవలసినవి ఏమైనా ఉన్నాయా?

మాత్రలడబ్బా
ఇందులో రెండు వేర్వేరు చిక్కులున్నాయండీ. నిద్రమాత్రతో రెండూ తీరవు.

ఒంటిగంట దాకా కునుకు రాకపోవడానికి మొదటి అనుమానం ఆ రాత్రి ప్రెడ్నిసొలోన్ మీదే. అది ఒంటిని మెలకువగా ఉంచే రకం మందు. రోజు మోతాదు మొత్తం పొద్దున్నే, టిఫిన్ తర్వాత ఒకేసారి వేసుకోవచ్చా అని మీ డాక్టరుని అడగండి. వేళ మార్చడం వేరు, మానేయడం వేరు. స్టిరాయిడ్ని సొంతంగా ఆపితే ప్రమాదం.

మూడున్నర సంగతి వేరు. ఐబుప్రొఫెన్ పని నాలుగు నుంచి ఆరు గంటలే. పదింటికి వేసుకున్నది మూడింటికల్లా అయిపోతుంది. సరిగ్గా ఆ వేళకే ఈ జబ్బులో వాపు పెంచే రసాయనాలు రక్తంలో ఎక్కువవుతాయి, తెల్లవారి కీళ్లు బిగుసుకుపోయేది అందుకే. నాప్రోక్సెన్ లాంటి నొప్పి మాత్రలు పన్నెండు గంటలకు పైగా ఒంట్లో నిలుస్తాయి. దానికి మారవచ్చా అనేది రెండో ప్రశ్న. రెండూ కలిపి మాత్రం వేసుకోకూడదు. స్టిరాయిడ్‌తో పాటు ఈ రకం నొప్పి మాత్ర ఏది వేసుకున్నా కడుపులో పుండు భయం ఉంటుంది కాబట్టి ఆమ్లం తగ్గించే మాత్ర కూడా రాస్తారు. కిడ్నీ, బీపీ సమస్యలుంటే ముందే చెప్పండి.

గడియారంబొమ్మ
పై సలహా బాగుంది, కానీ మందుల వేళలు సర్దినా నెలల తరబడి పడ్డ అలవాటు అంత సులువుగా పోదు. మీ లెక్క చూడండి: పది నుంచి ఏడు, తొమ్మిది గంటలు మంచం మీద. నిద్ర నాలుగున్నర. సగానికి సగం. మిగతా సగం మంచమంటే మేలుకుని బాధపడే చోటు అని ఒంటికి నేర్పుతోంది.

రెండు వారాలు రాసుకోండి: పడుకున్న వేళ, నిద్ర పట్టిందనుకున్న వేళ, లేచిన వేళ, నొప్పి పదికి ఎంత. గడియారం మాత్రం చూడకండి, పొద్దున అంచనాగా రాస్తే చాలు. తర్వాత మంచం మీద ఉండే సమయాన్ని ఆరు గంటలకు కుదించండి. లేచేది ఆరింటికి అనుకుంటే పక్క ఎక్కేది పన్నెండుకి. వారం సగటున అందులో 85 శాతం, అంటే సుమారు ఐదు గంటల ఆరు నిమిషాలు నిద్ర వస్తే పావుగంట ముందే పక్క ఎక్కండి. 80 లోపైతే మంచం మీద ఉండే సమయంలో పావుగంట కోయండి, కానీ ఐదున్నర గంటల కిందకు వెళ్లవద్దు. ఇరవై నిమిషాలు గడిచినా పట్టలేదనిపిస్తే లేచి మసక వెలుతుర్లో కుర్చీలో కూర్చోండి.

చాలామంది తప్పేది ఇక్కడే. మొదటి రెండు వారాలు పగలు మత్తుగా, నొప్పి కాస్త ఎక్కువగా ఉంటుంది, పనిచేయడం లేదని వదిలేస్తారు. ఆ రోజుల్లో వాహనం నడపకండి. మూర్ఛ, బైపోలార్ (అతి ఉత్సాహం, కుంగుబాటు మారిమారి వచ్చే మానసిక జబ్బు) ఉన్నవాళ్లు ఈ పద్ధతి సొంతంగా మొదలుపెట్టకూడదు. వాపు బాగా తిరగబెట్టిన వారం కోత ఆపేయండి, లేచే వేళ ఒక్కటే నిలబెట్టుకోండి.

వేకువచుక్క
ఒకటి రాయడం మరిచాను. సాయంత్రం కూర్చుంటే కాళ్లలో ఏదో పాకినట్టు ఉంటుంది, నడిస్తే తగ్గుతుంది. మత్తిచ్చే జలుబు మాత్ర వేసుకున్న రోజు ఇంకా ఎక్కువ.

ఇనుపరజను
ఇది ముందే చెప్పాల్సిందండీ! అది రెస్ట్‌లెస్ లెగ్స్ (కాళ్లను కుదురుగా ఉండనివ్వని జబ్బు) లక్షణం. మత్తిచ్చే జలుబు మాత్రలు దాన్ని పెంచుతాయి, మానేయండి. ఐరన్ లోటేమో తెలియడానికి ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), ట్రాన్స్‌ఫెరిన్ సాచురేషన్ (రక్తంలో ఐరన్‌ని మోసే ప్రొటీన్ ఎంత శాతం నిండిందో) పరీక్షలు రెండూ చేయించండి. ఫెరిటిన్ 75 లోపుంటే ఐరన్ ఇస్తారు. మీ జబ్బులో వాపు వల్ల ఫెరిటిన్ ఎక్కువగా కనబడి మోసం చేస్తుంది, కాబట్టి సాచురేషన్ 20 శాతం లోపుందేమో కూడా చూడాలి. పొద్దున పరగడుపున రక్తం ఇవ్వండి, ఐరన్ మాత్ర వాడుతుంటే ముందురోజు ఆపండి. పైన చెప్పిన కడుపు మాత్ర ఐరన్‌ని సరిగా ఒంటబట్టనివ్వదు, ఆ సంగతి డాక్టరుకి గుర్తుచేయండి. ఐరన్ మాత్రకి, కాఫీ, టీలకు మధ్య రెండు గంటల ఎడం ఉంచండి.

మాత్రలడబ్బా
రాత్రిపూట వేసుకునే స్టిరాయిడ్ ఉందని ఎవరైనా చెబితే తికమకపడకండి. అది పదింటికి మింగితే నాలుగు గంటల తర్వాత కరిగేలా ప్రత్యేకంగా చేసిన మాత్ర. మామూలు ప్రెడ్నిసొలోన్ రాత్రి వేసుకుంటే ఆ ఫలితం రాదు.

గడియారంబొమ్మ
దిండు గురించి కూడా. మోకాళ్ల కింద దిండు హాయిగానే ఉంటుంది, కానీ రాత్రంతా ఉంచితే మోకాలు వంగిన చోటే బిగుసుకుపోవచ్చు. పక్కకు తిరిగి పడుకుని, రెండు మోకాళ్ల మధ్య పెట్టుకోండి.