పొగ కనబడదు, బాబుకి ఆయాసం మాత్రం తగ్గదు

ప్రశ్న (బరంపురం నుంచి):
మాది రోడ్డు మీదికే కిటికీలున్న మేడ ఇల్లు. పొద్దున ఆరున్నరకి ఒక బస్సు మా గేటు ముందే ఆగి, సీట్లు నిండేదాకా ఇంజిన్ ఆపకుండా పావుగంట నిలబడుతుంది. గట్టు మీద గ్లాసులో నీళ్లు వణుకుతుంటాయి. ఆ కిటికీ పక్కనే మా ఏడేళ్లవాడి మంచం. వాడికి ఆస్తమా. పోయిన నెలలో రెండుసార్లు నెబ్యులైజర్ పెట్టాల్సి వచ్చింది. డ్రైవర్‌ని అడిగితే "పొగెక్కడుందమ్మా? కొత్త బండి" అంటూ పొల్యూషన్ సర్టిఫికెట్ చూపించాడు. నిజమే, నల్లపొగ లేదు. మా అత్తగారు నేరమంతా ఐస్‌క్రీమ్ మీదికి తోసేశారు. వాడికి మాస్కు పెడితే సరిపోతుందా?

జవాబు 1 (బల్లార్షా, లారీ మెకానిక్):
అక్కా, డీజిల్ బండికి ఆ సర్టిఫికెట్ ఇచ్చేటప్పుడు పొగ చిక్కదనమే చూస్తారు. బండి వదిలే నైట్రోజన్ డయాక్సైడ్ అనే గ్యాసుని కొలవరు. అది డీజిల్లో మురికి వల్ల వచ్చేది కాదు, ఇంజిన్ వేడికి గాలిలోని నైట్రోజన్, ఆక్సిజన్ కలిసి పుట్టేది. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 (బండి పొగ మీద ప్రభుత్వం పెట్టిన హద్దులు) పెద్ద బళ్లలో సైలెన్సర్ దారిలో యూరియా నీళ్లు చల్లి దాన్ని మామూలు నైట్రోజన్‌గా మారుస్తారు. కానీ సైలెన్సర్ బాగా వేడెక్కాలి. పొద్దున్నే చల్లటి బండి స్టార్ట్ చేసి నిలబెడితే ఆ ఏర్పాటు సరిగా పనిచేయదు. యూరియా ఖర్చు తప్పించుకోడానికి సెన్సర్‌ని మోసం చేసే డబ్బా బిగించమని నా దగ్గరికే వస్తారు కొందరు. నేను బిగించను, పక్క షెడ్డు చూసుకోమంటాను.

జవాబు 2 (పర్లాకిమిడి, రిటైర్డ్ నర్సు):
అమ్మా, మాస్కు దుమ్ముకి పనికొస్తుంది గానీ ఈ గ్యాసుని ఆపదు. ఇది నీళ్లలో అంత సులువుగా కరగదు కాబట్టి ముక్కు, గొంతు దాటి ఊపిరితిత్తుల లోపలిదాకా పోతుంది. గొట్టాలు వాచి, ఆస్తమా పిల్లలకి పిల్లికూతలు మొదలవుతాయి. గాలిలో ఈ గ్యాసు ఏడాది సగటున ఘనపు మీటరుకి 40 మైక్రోగ్రాములు దాటకూడదని మన దేశపు లెక్క. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో తన హద్దుని 40 నుంచి 10కి దించింది. ముందు మంచం వెనక గదిలోకి మార్చండి, బస్సు ఉన్నంతసేపూ ఆ కిటికీ మూయండి. గ్యాస్ స్టవ్ మంటలోనూ ఇదే పుడుతుంది, వంట చేసేటప్పుడు వంటింటి కిటికీ తీసి ఉంచండి. రోజూ వాడమన్న ఇన్హేలర్ ఉంటే, దగ్గు తగ్గింది కదా అని మానొద్దు.

ప్రశ్న అడిగినామె:
మంచం మార్చాం. వంటింటి కిటికీకి బియ్యం డ్రమ్ము అడ్డం, ఆదివారం జరపాలి. డ్రైవర్‌తో మళ్లీ మాట్లాడాను. మాట విన్నాడు, ఇప్పుడు పక్కింటివాళ్ల గేటు ముందు ఆపుతున్నాడు.