గులాబీ పువ్వులు అచ్చు వదలడం లేదు, ఏం చేయాలి?

పాపకు మూడో నెల. అందుకే ఈ క్రిస్మస్‌కు ఊరెళ్లకుండా గుంటూరులోనే ఉంటున్నాం. పిండివంటలు చేయడం నాకిదే మొదటిసారి. 24 సాయంత్రానికి ఇరుగుపొరుగుకు ప్లేట్లు పంచాలని ఆశ.

పట్నంబజారులో కొత్త ఇనుప అచ్చు కొన్నాను. కొలతలు: గ్లాసు బియ్యప్పిండి, గ్లాసు మైదా, ముప్పావు గ్లాసు పంచదార పొడి, ఒక గుడ్డు, కొబ్బరిపాలు. పిండి దోసెల పిండికన్నా కొంచెం పల్చగా ఉంది. అచ్చును రాత్రంతా నూనెలో నానబెట్టి, కాగే నూనెలో పది నిమిషాలు ఉంచి, పైఅంచు మునగకుండా పిండిలో ముంచాను. మొదటి రెండూ చక్కగా ఊడాయి. మూడోదాని నుంచి అచ్చుకు అతుక్కుపోతున్నాయి. ఫోర్కుతో నెడితే రేకులు విరిగి, మధ్యలో పచ్చి పిండి కనిపిస్తోంది.

మంట తగ్గించి చూశాను. రెండు చెంచాల బియ్యప్పిండి కలిపాను. ప్రతిసారీ అచ్చు తుడిచి మళ్లీ వేడిచేశాను. అయినా అంతే. అత్తయ్యను ఫోన్‌లో అడిగితే "అచ్చు పాతబడాలమ్మా" అన్నారు. ఆవిడది ముప్పై ఏళ్ల నాటిది, నల్లగా నిగనిగలాడుతుంటుంది. నాకున్నది నాలుగు రోజులే.

కొత్త ఇనుప అచ్చును ఈ నాలుగు రోజుల్లో పిండి అంటకుండా పదును చేయడం ఎలా?