వెబ్‌ట్రీస్ పీడీఎఫ్‌లో తెలుగు వత్తులు విడిపోతున్నాయి, దారుందా?

పర్లాకిమిడిలో ఇంటి సర్వర్: రాస్ప్‌బెర్రీ పై 4, డెబియన్ 12, ఎన్‌జింక్స్ (వెబ్ సర్వర్), మరియాడీబీ (డేటాబేస్), వెబ్‌ట్రీస్ 2.1 (వంశవృక్షాల సాఫ్ట్‌వేర్). (2.2కి పీహెచ్‌పీ 8.3 కావాలి, డెబియన్ 12లో వచ్చేది 8.2.) గెడ్‌కామ్ (వంశవృక్ష వివరాల ఫైలు) ఎక్కించేటప్పుడు ఫైలు మరీ పెద్దదంటూ వచ్చిన 413 ఎర్రర్, ఎన్‌జింక్స్‌లో క్లయింట్_మ్యాక్స్_బాడీ_సైజ్ పెంచాక పోయింది. ఫైలు యూటీఎఫ్-8లోనే ఉంది. తెర మీద తెలుగు, ఒడియా పేర్లు రెండూ శుభ్రంగా కనిపిస్తున్నాయి.

చిక్కంతా పీడీఎఫ్ రిపోర్టుతోనే. ముందు అన్నీ ఖాళీ డబ్బాలే. నోటో సాన్స్ తెలుగు ఫాంటు చేర్చాక అక్షరాలొచ్చాయి గానీ ‘కృష్ణ’ కాస్తా ‘కృష్‌ణ’ అయింది. వెబ్‌ట్రీస్‌లో పీడీఎఫ్ తయారుచేసే టీసీపీడీఎఫ్ వత్తులు కలపదు మరి, ఫాంటు మార్చి లాభం లేదు.

హెచ్‌టీఎంఎల్ రిపోర్టును క్రోమియంలో ప్రింట్ చేస్తే వత్తులు సరిగ్గానే వస్తున్నాయి, కానీ వంశవృక్షం కుడి అంచు ఏ4లో తెగిపోతోంది. ఏ3 అడ్డం సైజును సీఎస్ఎస్ మాడ్యూల్‌లో పెడితే చాలా? లాగిన్ కావాల్సిన పేజీని సర్వర్ మీదే హెడ్‌లెస్ (తెర లేకుండా నడిచే) క్రోమియంతో పీడీఎఫ్ చేసినవాళ్లుంటే, లాగిన్ కుకీ ఎలా ఇచ్చారో కాస్త చెప్పండి.